జ్వరానికీ పాపానికీ ముడిపెట్టకండి

2025లో విభూది బుధవారం, అంటే ఈస్టర్‌కి ముందు మేం ఉపవాసాలుండే తపస్సు కాలం మొదలయ్యే రోజు, మార్చి 5న వచ్చింది. ఆ సాయంత్రం విశాఖ జ్ఞానాపురం చర్చిలో లైన్లో నిలబడి నుదుటి మీద విభూది పెట్టించుకునేసరికే నాకు ఒళ్ళు కాలిపోతోంది. మట్టి నుంచి వచ్చావు, మట్టిలోనే కలిసిపోతావు అని ఫాదర్ గారు అందరికీ చెప్పినట్టే నాకూ చెప్పారు. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. అది నా గురించేనని ఆ నెల తిరక్కుండానే తెలిసొచ్చింది.

క్లినిక్‌లో వైరల్ ఫీవర్ అన్నారు. రక్తపరీక్షలు, యాంటీబయాటిక్, మళ్ళీ రక్తపరీక్షలు. డెంగీ కాదు, మలేరియా కాదు, టైఫాయిడ్ కాదు. "ఊరికే టెన్షన్ పడకండి" అని పంపించేశారు. తలనొప్పికి కళ్ళు తెరవలేకపోయేదాన్ని. చివరికి ఊపిరి అందకపోయేసరికి మా అబ్బాయి ఆసుపత్రిలో చేర్చాడు. రెండు ఊపిరితిత్తుల్లోనూ న్యుమోనియా అన్నారు, ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు, ఆక్సిజన్ పెట్టి ఐసీయూలో పడుకోబెట్టారు. ఆ గొడవంతా నాకు సరిగ్గా గుర్తు లేదు.

గుర్తున్నది ఒక సాయంత్రం. విజిటింగ్ టైమ్‌లో మా విచారణలోని, అంటే మా చర్చికే వచ్చే, ఒకావిడ వచ్చారు. నాకంటే పెద్దావిడ, ప్రార్థన కూటాలన్నిటికీ ముందుండే మనిషి. నా చెయ్యి పట్టుకుని ప్రార్థన చేశారు. తరవాత చెవి దగ్గరకి వంగి, "ఏదో పాపం లోపల దాచుకున్నావమ్మా. ఒప్పేసుకో, జ్వరం అదే దిగిపోతుంది" అన్నారు. ప్రేమగానే అన్నారు. అందుకే మరీ గుచ్చుకుంది. మొహానికి మాస్కు ఉంది, బదులు చెప్పడానికి ఊపిరి లేదు.

ఆ రాత్రి ఎదురు మంచం మీది పెద్దాయన పోయారు. గబగబా తెర లాగేశారు గానీ, ఆయన కూతురి ఏడుపు తెరకి ఆగుతుందా? నేను నా పాపాలు వెతుక్కోవడం మొదలుపెట్టాను. అత్తగారికి ఎదురు చెప్పిన మాటలు, చెల్లెలితో మానేసిన మాటలు, పూజకి వెళ్ళని ఆదివారాలు. ఏది ఒప్పుకుంటే ఊపిరి వస్తుందా అని ఒక్కొక్కటే తీసి చూస్తున్నాను. చచ్చిపోతానని భయం ఉంది. దానికంటే, క్రీస్తు నా మీద కోపంగా ఉన్నాడేమో అన్నదే ఎక్కువ వణికించింది. అంత దిక్కులేనితనం నేనెప్పుడూ ఎరగను.

అదంతా వదిలేసి సిలువ మార్గం చెప్పుకుందామనుకున్నాను, యేసు సిలువ మోసిన దారిని ఒక్కో స్థలంగా తలుచుకునే ప్రార్థన. తపస్సు కాలంలో ప్రతి శుక్రవారం చెప్పేదే, పద్నాలుగు స్థలాలూ నోటికి వచ్చు. ఐదో స్థలంలో సీమోను సిలువ మోయడానికి సాయం పట్టాడు. ఆరోది ఎంతకీ గుర్తు రాలేదు. అక్కడే ఆగిపోయి ఏడుస్తుంటే నైట్ డ్యూటీ నర్సమ్మ తడిగుడ్డ తెచ్చి నా మొహం తుడిచింది. ఆరో స్థలం వెరోనికమ్మది, యేసు ముఖం తుడిచినావిడ. మీరేమైనా అనుకోండి, నేను దాన్ని కాకతాళీయం అనుకోను.

శ్రీకాకుళం పిల్ల. "ఓపాలి పక్కకి తిరగండమ్మా, వీపు కూడా తుడిచేస్తాను" అంది. నడుం దగ్గర చెయ్యి ఆపేసింది. ఫోన్ టార్చి వేసి చూసింది. లంగా బొందు కట్టుకునే చోట, వెనక వైపు, చిన్న నల్లటి చెక్కు, చుట్టూ ఎర్రగా, సిగరెట్ అంటించి కాల్చినట్టు. నొప్పి లేదు, దురద లేదు, నాకు తెలియనే లేదు. "ఈమధ్య తోటల్లోకి గానీ వెళ్ళారా అమ్మా?" అని అడిగింది. ఫిబ్రవరి ఆఖర్లో ఎస్.కోట దగ్గర మా ఆడపడుచు వాళ్ళ జీడితోటలో చెట్ల కింద కూర్చుని భోంచేశాం. తలూపాను. పరుగున వెళ్ళి డ్యూటీ డాక్టర్‌ని లేపుకొచ్చింది.

స్క్రబ్ టైఫస్. కంటికి ఆనని పురుగు పిల్ల కుట్టినప్పుడు ఒంట్లోకి చేరే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. మామూలుగా రాసే యాంటీబయాటిక్స్‌లో చాలావాటికి అది లొంగదు. డాక్సీసైక్లిన్‌కి లొంగుతుంది, పాత మందు, చవకైన మందు. అది మొదలుపెట్టిన రెండో రోజుకల్లా జ్వరం విడిచింది. అంతమంది డాక్టర్లు చూశారు, ఒక్కరూ నా వీపు చూడలేదు. ఆ కోపం ఇంకా ఉంది. ఆ నర్సమ్మని మాత్రం రోజూ జపమాలలో తలుచుకుంటాను.

మార్చి 23, తపస్సు కాలం మూడో ఆదివారం. ఇంటికొచ్చాను గానీ గుడికి వెళ్ళే ఓపిక లేదు. మా ఆయన పక్కన కూర్చుని ఆ రోజు సువార్త చదివారు, లూకా 13వ అధ్యాయం. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్ళు యెరూషలేములో అందరికంటే పాపులనుకుంటున్నారా అని యేసు అడిగి, కాదని తనే చెప్తాడు. అక్కడ ఆపి, మళ్ళీ చదవమన్నాను. ఎన్ని ఏళ్ళుగా విన్నానో, ఆ 'కాదు' ఎప్పుడూ నా చెవిన పడలేదు. ఆ వెంటనే, హృదయ పరివర్తన చెందకపోతే మీరందరూ అలాగే నాశనమవుతారనీ అంటాడు. ఆపద పాపానికి శిక్ష అన్న లెక్కని కొట్టిపారేశాడు. పశ్చాత్తాపాన్ని మాత్రం అందరికీ పెట్టాడు, జబ్బు పడ్డవాళ్ళకీ, పరామర్శకి వచ్చినవాళ్ళకీ.

తరవాత అంజూరపు చెట్టు కథ. మూడేళ్ళుగా కాయడం లేదు, నరికెయ్యమంటాడు యజమాని. ఈ ఒక్క ఏడాదీ ఉండనివ్వండయ్యా, చుట్టూ తవ్వి ఎరువు వేస్తాను అని బతిమాలతాడు తోటమాలి. ఆ మాట వింటూ ఏడ్చేశాను. నా కోసం అలా అడిగినవాడు ఉన్నాడు. ఆ ఆదివారమే పోప్ ఫ్రాన్సిస్ గారు రోమ్‌లో జెమెల్లి ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయ్యారు. ఫిబ్రవరి 14 నుంచి అక్కడే ఉన్నారు, ఆయనకీ రెండు ఊపిరితిత్తుల్లో న్యుమోనియా. ఆ రోజు ఆయన రాసి పంపిన సందేశం కూడా ఈ చెట్టు గురించీ, దేవుడి ఓర్పు గురించీనే. ఆ ఓర్పు తనకి డాక్టర్ల సేవలోనూ, ఆసుపత్రి సిబ్బంది సేవలోనూ కనిపించిందన్నారు.

ఈస్టర్‌కి ముందు ఆదివారం మట్టల ఆదివారం. దానికి ముందు పాపసంకీర్తనం చేసుకున్నాను, అంటే ఫాదర్ గారి దగ్గర నా పాపాలు ఒప్పుకున్నాను. ఏం చెప్పానో రాయను. ఊపిరి కోసం బేరం పెట్టకుండా చెప్పుకున్నాను. ఇంటికొచ్చి మా చెల్లెలికి ఫోన్ చేశాను.

ఏప్రిల్ 20న పాస్కా పండుగ, అంటే ఈస్టర్. మర్నాడే పోప్ గారు చనిపోయారు. ఆ వారంలో, ఐసీయూలో నన్ను పాపం ఒప్పేసుకోమన్న ఆవిడ మా ఇంటికొచ్చి ఆయన కోసం కళ్ళు తుడుచుకుంటుంటే ఉండబట్టలేక, "ఆంటీ, ఆయన ఏ పాపం దాచుకున్నారు?" అని అడిగేశాను. "అదేం మాటమ్మా!" అన్నారు. ఐసీయూలో తను అన్నది గుర్తుచేశాను. ఆవిడకి గుర్తే లేదు. సిలోయము గోపురం గురించి చదివి వినిపించాను, కోపంగానే. "నీ మంచికే అన్నానమ్మా" అన్నారు. అదీ నిజమే. నేను లేవలేని రోజుల్లో గంజి కాచి పంపింది ఆవిడే.

రోగి దగ్గరికి వెళ్ళినవాళ్ళు ప్రార్థన చెయ్యండి, కాళ్ళు పట్టండి, ఇంట్లోవాళ్ళకి అన్నం పంపండి. పాపాలు వెతికే పని మాత్రం పెట్టకండి. ఇంకో సంగతి. పొలాలకో, తోటలకో, ఏజెన్సీ వైపో వెళ్ళొచ్చాక జ్వరం తగిలితే డాక్టర్‌కి అది ముందే చెప్పండి. చంకలు, గజ్జలు, నడుం, రొమ్ముల కింద నల్లటి చెక్కు ఉందేమో ఇంట్లోవాళ్ళ చేత చూపించుకోండి. స్క్రబ్ టైఫస్ టెస్టు రాయమని మొహమాటపడకుండా అడగండి.