కూలెంట్ ధార తగ్గిందా? పంపు విప్పే ముందు ఇవి చూడండి

సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మిషన్‌లో కోతను చల్లబరిచే ఆయిల్-నీళ్ళ కలయిక, అంటే కూలెంట్ ధార సన్నబడితే చాలా షాపుల్లో మొదటి స్పానర్ పడేది పంపు మీదే. పంపు విప్పుతారు, రీవైండింగ్‌కి పంపుతారు, రెండ్రోజులు మిషన్ ఖాళీగా ఉంటుంది. తిరిగొచ్చాక బిగిస్తే ధార మళ్ళీ అంతే. అసలు లోపం చాలాసార్లు పంపుకి ముందో వెనకో ఉంటుంది, లేదా ట్యాంకులో పోసిన నీళ్ళలోనే ఉంటుంది.

ముందు తేల్చాల్సింది ఒక్కటే: మోటారు తిరుగుతోందా, లేదా? ఎండీఐలో (ఆదేశం చేత్తో టైపు చేసే మోడ్) కూలెంట్ ఆన్ చేసే ఎమ్08 ఇచ్చి ట్యాంకు దగ్గరికెళ్ళి వినండి.

మోటారు తిరగకపోతే ప్యానెల్ తెరవాలి. ఎమ్08 ఇచ్చినప్పుడు రిలే మీద చిన్న లైటు వెలుగుతుంది, ఆ రిలే కాంటాక్టర్‌ని (మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్) లాగుతుంది, అక్కడి నుంచి ఓవర్‌లోడ్ రిలే (కరెంటు ఎక్కువైతే మోటారుని ఆపేది) మీదుగా కరెంటు మోటారుకి పోతుంది. గొలుసు ఎక్కడ తెగిందో ఈ వరుసలోనే చూడండి. రిలే లైటు వెలిగినా కాంటాక్టర్ లాగకపోతే కాయిల్ గానీ, దానికొచ్చే వైరు గానీ పోయినట్టు. కాంటాక్టర్ లాగినా మోటారు గుయ్యిమంటూ కదలకపోతే ఒక ఫేజ్ రావట్లేదేమో చూడండి. ఓవర్‌లోడ్ రిలే అవుట్‌పుట్ దగ్గర ఏ రెండు ఫేజుల మధ్య కొలిచినా దాదాపు 415 వోల్టులు రావాలి.

ఓవర్‌లోడ్ ట్రిప్ అవుతుంటే దాని సెట్టింగ్ పెంచి నడిపించేవాళ్ళున్నారు. మోటారు కాల్చుకోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు. క్లాంప్ మీటర్‌తో మూడు ఫేజుల్లో ఆంపియర్లు చూసి నేమ్‌ప్లేట్‌తో పోల్చండి. మూడూ ఎక్కువుంటే ఇంపెల్లర్‌లో (పంపులో నీళ్ళు నెట్టే చక్రం) చిప్స్, అంటే లోహపు ముక్కలు ఇరుక్కున్నాయేమో, బేరింగ్ బిగుసుకుందేమో చూడాలి. మూడూ సమానంగా లేకపోతే సప్లై గానీ వైండింగ్ గానీ అనుమానించాలి. ఎంసీబీ వేసిన వెంటనే పడిపోతుంటే మెయిన్ ఆఫ్ చేసి, మోటారు వైర్లు విడదీసి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటర్) బాడీకి చెక్ చేయండి. 1 మెగోమ్ కంటే తక్కువ చూపిస్తే కూలెంట్ లోపలికి దిగినట్టే. టెర్మినల్ బాక్స్ గాస్కెట్ పాడై అక్కడే తడి చేరి ఉంటే ఆరబెట్టి గాస్కెట్ మార్చండి, చాలాసార్లు రీడింగ్ కోలుకుంటుంది. వైర్లు విడదీయకుండా మాత్రం మెగ్గర్ పెట్టొద్దు, కంట్రోల్ కార్డులు పోతాయి.

మోటారు తిరుగుతూ ధార రాకపోవడం వేరే కథ. ఇందులో అందరినీ మోసం చేసేది ఉల్టా తిరగడం. ట్యాంకులో ముంచి పెట్టే సెంట్రిఫ్యూగల్ పంపు ఉల్టా తిరిగినా నీళ్ళు ఎత్తుతుంది, కాకపోతే బలహీనంగా. దాంతో పంపు అరిగిపోయిందని అనుకుంటారు. రీవైండింగ్ తర్వాతో, షాపు కరెంటు లైను మార్చాకో మొదలైన సమస్యైతే ఫ్యాన్ కవర్ మీది బాణం గుర్తు చూడండి. పంపు ఒక్కటే ఉల్టా అయితే మోటారు దగ్గర ఏవైనా రెండు ఫేజులు మార్చండి. హైడ్రాలిక్ పంపు, చిప్ కన్వేయర్ కూడా ఉల్టా అయితే మార్చాల్సింది మెయిన్ ఇన్‌కమింగ్ దగ్గర.

తిరిగే దిశ సరిగ్గానే ఉంటే బకెట్ పరీక్ష చేయండి. మిషన్ లోపలికెళ్ళే హోస్‌ని చివర్లో విప్పి 20 లీటర్ల బకెట్‌లో పెట్టి సెకన్లు లెక్కపెట్టండి. 30 సెకన్లలో నిండితే నిమిషానికి 40 లీటర్లు. నేమ్‌ప్లేట్ మీది గరిష్ఠ ఫ్లో ఎత్తు పెరిగేకొద్దీ తగ్గుతుంది కాబట్టి అంతే రావాలని పట్టుబట్టొద్దు. మిషన్ బాగున్నప్పుడు ఒకసారి కొలిచి ప్యానెల్ తలుపు లోపల రాసిపెట్టుకుంటే అదే అసలైన కొలమానం. బకెట్ మామూలుగా నిండితే లోపం ముందుంది: నాజిల్, టరెట్ (టూల్స్ బిగించి తిప్పే తల), టూల్ హోల్డర్. నెమ్మదిగా నిండితే వెనకుంది: స్ట్రైనర్ (పంపుకి ముందుండే జల్లెడ), ట్యాంకు లెవెల్, పంపు.

టర్నింగ్ సెంటర్‌లో (సీఎన్‌సీ లేత్) టరెట్‌పై ఒక స్టేషన్‌లోనే ధార తక్కువైతే ఆ హోల్డర్ రంధ్రంలో చిప్స్ చేరాయి. అన్ని స్టేషన్లలో తక్కువై, టరెట్ వెనక నుంచి కారుతుంటే లోపలి సీలో, ఓ-రింగో పోయింది. ఎమ్08 ఇచ్చిన ఐదారు సెకన్లకి గానీ కూలెంట్ రాకపోతే ఎన్‌ఆర్‌వీ (నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే వాల్వ్) నిలబడక లైనులో నీళ్ళన్నీ ట్యాంకులోకి దిగిపోతున్నాయి. అది మార్చేదాకా, డ్రిల్ పొడిగా జాబ్‌ని (కోసే ముక్కని) తాకకుండా ఎమ్08 తర్వాత జీ04 పీ6000 పెట్టుకోండి, ఫానుక్ కంట్రోల్‌లో అది ఆరు సెకన్ల ఆగుడు.

సీఐ (కాస్ట్ ఐరన్) జాబులు చేసే మిషన్లలో స్ట్రైనర్ దగ్గర పేరుకునే సన్నని పొడి, మిషన్ నాలుగు రోజులు ఆగితే సిమెంటులా గట్టిపడుతుంది. అల్యూమినియం పొడి తేలుతుంది, మెష్‌ని కప్పేస్తుంది. ట్యాంకులో సగం బురద ఉంటే 200 లీటర్ల ట్యాంకు నిజానికి 100 లీటర్లదే. కూలెంట్ వేడెక్కుతుంది, పొడి అడుక్కి చేరే వ్యవధి ఉండదు.

ఇక నీళ్ళ సంగతి. జీడిమెట్ల, బాలానగర్ షాపుల్లో బోరు నీళ్ళే పోసేది ఎక్కువ. హైదరాబాద్ చుట్టూ గ్రానైట్ నేల, బోరు నీళ్ళలో హార్డ్‌నెస్ ఎక్కువ. 200 పీపీఎం దాటితే సబ్బు మడ్డిలాంటిది తేలుతుంది, ఎమల్షన్ (నీళ్ళలో కలిసిన ఆయిల్) విరుగుతుంది, ఆ మడ్డే ఫిల్టర్లకీ నాజిళ్ళకీ అడ్డుపడుతుంది. అలాగని పూర్తిగా ఆర్‌ఓ నీళ్ళు పోస్తే నురగ తేలుతుంది. రెండూ కలిపి 100 పీపీఎం దగ్గర ఉంచుకోవడం మేలు. నురగ వస్తే యాంటీఫోమ్ పోసే ముందు లెవెల్ చూడండి. లెవెల్ తగ్గితే పంపు గాలి పీల్చుకుంటుంది, నురగకి అదొక్కటే చాలు.

కాన్సన్‌ట్రేషన్ (నీళ్ళలో ఆయిల్ శాతం) చేతికి రాసుకుని చెప్పేది కాదు, దాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటర్ కావాలి. అందులో కనిపించే అంకెని కూలెంట్ కంపెనీ ఇచ్చిన ఫ్యాక్టర్‌తో గుణించాలి: రీడింగ్ 4, ఫ్యాక్టర్ 1.5 అయితే 6 శాతం. మామూలు పనికి 5 నుంచి 8 శాతం చాలు. ఉదాహరణకి 200 లీటర్ల ట్యాంకులో 150 లీటర్లు 3 శాతంతో ఉన్నాయి, 6 శాతానికి తేవాలి. ఇప్పుడున్న ఆయిల్ 4.5 లీటర్లు, కావాల్సింది 12. అంటే 42.5 లీటర్ల నీళ్ళలో 7.5 లీటర్ల ఆయిల్ కలిపి పోయాలి. ఎప్పుడూ నీళ్ళలో ఆయిల్ పోయాలి గానీ ఆయిల్‌లో నీళ్ళు పోయకూడదు, పెరుగు విరిగినట్టవుతుంది.

ఆదివారం సెలవు తర్వాత సోమవారం తలుపు తీయగానే కుళ్ళిన గుడ్ల వాసన వస్తే కారణం పైన తేలే ట్రాంప్ ఆయిల్. స్లైడ్‌వే (మిషన్ జారే పట్టాలు) ఆయిల్, హైడ్రాలిక్ ఆయిల్ కారి కూలెంట్‌పై పొరలా పరుచుకుంటే గాలి అందదు, గాలి అక్కర్లేని బ్యాక్టీరియా పెరుగుతుంది. పీహెచ్ 8.5 కిందికి పడుతుంది, జాబుల మీద తుప్పు మొదలవుతుంది. పొరని స్కిమ్మర్‌తో తీయండి, స్లైడ్‌వే లూబ్రికేషన్ పైపు ఎక్కడైనా తెగిందేమో చూడండి. బ్యాక్టీరియాని చంపే బయోసైడ్ పోయడం ఆఖరి మాట.

వాసన ముదిరితే పాత దానిపై కొత్తది పోసి లాభం లేదు, పాలలో మజ్జిగ చుక్క పడ్డట్టే. పాత కూలెంట్‌లోనే మిషన్ క్లీనర్ 1 నుంచి 2 శాతం కలిపి ఒక షిఫ్టు తిప్పండి, తర్వాత మొత్తం తీసేసి బురద చేత్తో కాకుండా పారతో ఎత్తండి, మంచి నీళ్ళతో పైపులన్నీ కడిగి, అది కూడా తీసేసి కొత్తది నింపండి. తీసిన కూలెంట్ డ్రైనేజీలో కలపొద్దు. డ్రమ్ముల్లో పట్టి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవాళ్ళకే ఇవ్వాలి.