కురుమూర్తి ఉద్దాలు, మా బిడ్డ బూట్లు

దీపావళి పోయి నాలుగు దినాలు అయితే చాలు, మా పాలమూరు దిక్కు అందరి నోట్ల ఒకటే మాట, ఉద్దాలు ఏ రోజు పడ్డయి అని. వేరే జిల్లాలోళ్లకు తెల్వదేమో గాని ఉద్దాలంటే స్వామి పాదుకలు, తోలుతోని కుట్టిన చెప్పులు. చిన్నచింతకుంట మండలం అమ్మాపూర్ కాడ గుట్టల నడుమ ఉన్న కురుమూర్తి స్వామికి ఏటేటా కొత్త జత కుడ్తరు. వడ్డెమాన్ ఊర్ల దళితులు దీపావళి అమాస నుంచి ఉపవాసాలు ఉండి, నిష్ఠతోని కుడ్తరు, అయినంక డప్పులతోని ఊరేగిచ్చుకుంట గుట్టకు తెస్తరు. దారి పొడుగూత జనమే జనం, ఒక్కసారి ముట్టుకుంటే చాలని ఒకరి మీద ఒకరు పడ్తరు. కొందరు నెత్తికి ఆనిచ్చుకుంటరు, కొందరు వీపు మీద కొట్టిచ్చుకుంటరు, పాపం పోతదని. ఏ గుడికి పోయినా చెప్పులు బయట ఇడిచి లోపలికి పోతం గద, ఈడ చెప్పులకే పూజ, అది చేసేది కూడ వాటిని కుట్టే కులం వాళ్లే. ఆ ఒక్క దినం పెద్ద పెద్ద లీడర్లు కూడ వచ్చి ఆ చెప్పులకు మొక్కుతరు, మిగతా దినాలు ఆ కుట్టిన ఇండ్ల దిక్కు ఎంతమంది పోతరో ఆ కురుమూర్తి రాయునికే ఎరుక.

కథ మా అత్త చెప్తుండె. తిరుపతిల పెండ్లికి స్వామి కుబేరుని దగ్గర అప్పు చేసిండు గద, అసలు తీరదు, వడ్డీ ఆగదు, జవాబు చెప్పలేక చెప్పలేక ఒక దినం కొండ దిగి ఉత్తరం దిక్కు నడిచిండట. నడిచి నడిచి కృష్ణ ఒడ్డుకు వచ్చి తానం చేసిండు. అప్పుడు కృష్ణమ్మ ఆయన కాళ్లు చూసింది, మెత్తటి పాదాలు కందిపోయి ఎర్రగ అయినయి, ఇంక ముందల అంత రాళ్ల నేల, ఎట్ల పోతవు నాయనా అని పాదుకలు ఇచ్చిందట. అవి తొడుక్కొని వచ్చి ఈ గుట్టల్ల నిలబడ్డడు.

అప్పుకు ఊరిడిచిన దేవుడు మా జిల్లాకే వచ్చిండంటే నాకేం ఆశ్చర్యం లేదు. మా మామ, అంటే మా ఆయన వాళ్ల నాయిన, వయసుల ఉన్నప్పుడు డ్యాం పనులకు పోయినోడే. పాలమూరు లేబర్ అంటే దేశమంత ఎరుకనే గద, ఎక్కడ కాల్వ తవ్వినా, డ్యాం కట్టినా మనోళ్ల తట్టలు ఉంటుండె. మేస్త్రి కాడ అడ్వాన్స్ తీసుకొని, పాత అప్పు కొంత కట్టి, పిల్లలను ముసలోళ్ల కాడ ఇడిచి పోయేటోళ్లు, మళ్ల పీర్ల పండుగకే వచ్చుడు. మా మామ నవ్వుకుంట అంటుండె, మా జిల్లాల అందరు ఊరిడిచి పోతరు, ఈయన ఒక్కడే ఊరిడిచి ఈడికి వచ్చిండు అని.

ఇన్నేండ్లు ఈ కథ ఇన్నప్పుడల్ల నేను స్వామినే చూసిన. ఆయన అప్పు, ఆయన నడక, ఆయన కాళ్లు. ఈ మధ్యనే కృష్ణమ్మ దిక్కు చూస్తున్న. ఎందుకు పోతున్నవని ఆమె అడగలే. పెండ్లాన్ని అక్కడ పెట్టి ఇదేం పనయ్యా ఎనక్కి పో అనలే. మా ఒడ్డు మీదనే ఉండిపో అని కూడ అనలే. కాళ్ల దిక్కు చూసి, ఏం అవసరమో అది ఇచ్చింది, అంతే. నేను మాత్రం మా పెద్దబిడ్డను పది పన్నెండేండ్ల సంది ఎందుకే, ఎందుకే అని అడుగుతనే ఉన్న.

దాని సంగతి చెప్పాలె. హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పొద్దుందాక ఏసీల కూసుంటది, లీవ్ దొరికితే గుట్టలెక్కుతది. మొదలు భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకొని ఎక్కుడు నేర్చుకున్నది. నేను మొత్తుకుంటుంటే మలావత్ పూర్ణ ఫోటో తెచ్చి నా ముందల పెట్టింది, ఆ పిల్ల కూడ ఈ గుట్ట మీదనే నేర్చుకున్నదమ్మా, 2014ల 13 ఏండ్లకే ఎవరెస్ట్ ఎక్కింది, నాకు ఇరవై ఆరు ఉన్నయి అన్నది. ఇంక నేనేం మాట్లాడుత. తర్వాత ఇంకేవో గుట్టలు, పేర్లు నాకు నోరు తిరగవు. అవన్ని ఒక ఎత్తు, కిలిమంజారో ఒక ఎత్తు. టాంజానియా దేశంల ఉంటదట, ఆఫ్రికాల అన్నిటికన్న పెద్దది, 5,895 మీటర్లు. మెట్లు ఉంటయా అని అడిగిన. ఇంట్ల అందరు నవ్విన్రు.

పోయే నెల ముందల కొత్త బూట్లు కొని ఇంట్ల అవే తొడుక్కొని తిరుగుడు మొదలుపెట్టింది, ఆఖరికి వంటింట్ల కూడ. ఇదేం ఎడ్డితనమే లచ్చిమి తిరిగే ఇంట్ల బూట్లేందే అంటే, కొత్తయి కరుస్తయమ్మా, ముందే మెత్తగ చేసుకోవాలె, ఆడ పొక్కు లేస్తే ఇంక దిగుడే అన్నది. ఆ మాట నా మనసుల పడ్డది. మా నాయిన కొత్త తోలు చెప్పులు తెస్తే రాత్రి ఆముదం పూసి పెడ్తుండె, తెల్లారేటప్పటికి మెత్తగ అవుతుండె. నేను గదే చేసిన, అది నిద్రపోయినంక రెండు బూట్లకు లోపల బయట మంచిగ ఆముదం పట్టిచ్చిన. పొద్దున లేసి చూసి అది ఒర్లింది చూడుండ్రి, నాలుగిండ్ల అవతలికి ఇనపడ్డది. అదేదో నీళ్లు పట్టని గుడ్డనట, నూనె తగులొద్దట, పదమూడువేల బూట్లట. రెండు దినాలు కడిగింది సబ్బుతోని. నేను నవ్వాలెనా ఏడవాలెనా తెల్వక పూజ గదిల కూసున్న.

శిఖరం ఎక్కేది రాత్రేనట, చలికి గడ్డకట్టిన నేల మీద నడుసుడు. వాళ్లకు అర్ధరాత్రి అంటే మనకు రెండున్నర. మా ఆయన పండుకున్నడు, ఆయన ఆర్టీసీల కండక్టర్ చేసినోడు, ఎవరి స్టేజీ వాళ్లకు వచ్చినప్పుడే దిగుతరు అని ఒక మాట చెప్పి గురక పెట్టిండు. నేను దీపం పెట్టి కూసున్న. ఏ స్తోత్రం నోటికి రాలే. కురుమూర్తి రాయ, దాని కాళ్లు, కురుమూర్తి రాయ, దాని కాళ్లు, ఇదే నా జపం తెల్లారేదాక. మరుసటి దినం మాపటికి ఫోన్ వచ్చింది, ఎక్కి దిగిన అమ్మా, ఒక్క పొక్కు లేదు అన్నది.

రామాయణంల కూడ పాదుకలు ఉన్నయి గద, అందరికి ఎరుకున్న కథనే, కాని రెండు పక్క పక్కన పెట్టి చూడుండ్రి. ఆడ అడవికి పోయినోని కాళ్లవి తమ్ముడు అడుక్కొని నెత్తిన పెట్టుకొని ఎనక్కి తెచ్చిండు, సింహాసనం మీద పెట్టి పూజ చేసిండు. భరతుని భక్తి గొప్పది, కాదనను. కాని తల్లిని గద, నాకొచ్చే ఆలోచన వేరే, మరి ఆ ముండ్లల్ల రాముడు ఏం తొడుక్కున్నడు? మా కురుమూర్తి కథల పాదుకలు పోయేటోని కాళ్లకే పోయినయి. ఇంట్ల పెట్టుకొని పూజ చేసుకునే ప్రేమ ఒకటి, దారిల అరిగిపోయే ప్రేమ ఒకటి. ఏటేటా కొత్త జత ఎందుకు కుడ్తరో నాకు ఇప్పుడు సమజైతున్నది, మా స్వామి ఇంక నడుస్తనే ఉన్నడు, ఉద్దాలు అరుగుతయి. ఊళ్లల్ల పెద్దోళ్లు ఈ మాటనే అంటరు.

కౌసల్య అయినా ఊకనే ఇడవలే. దూడ పోతుంటే ఆవు ఎంట పోకుండ ఎట్లుంటది, నేను కూడ వస్త అన్నది. రాముడు నచ్చజెప్పినంక, నువ్వు పాటించే ధర్మమే నిన్ను కాపాడాలె అని దీవించి, విశల్యకరణి అనే మందాకు రక్ష కట్టి పంపింది. ఎంత ఏడ్చినా చేతులు మాత్రం ఆకు కోసం ఎతికినయి. నేను కూడ టాంజానియాకు కారప్పొడి, సజ్జ రొట్టెలు, స్వామి కుంకుమ పొట్లం పంపిన. ఆముదం మాట ఇంక ఎత్తకుండ్రి.

పెండ్లి అయితే బంద్ అయితదనుకున్న, కాలే. మా అల్లుడు మంచోడు, కాని నాలుగు మెట్లు చూస్తే లిఫ్ట్ ఎక్కడ అంటడు, ఇద్దరికి ఎట్ల కుదిరిందో. బిడ్డ పుట్టినంకనన్న బంద్ అయితదనుకున్న. మనుమరాలికి పద్నాలుగు నెలలు నిండినయి, ఈ కార్తీకంల వచ్చి చల్లగ చెప్పింది, ఎండకాలంల హిమాలయాలకు పది దినాలు పోవాలె అమ్మా, పాప నీ కాడ ఉంటది అని. మా ఇంట్ల ఇది కొత్త కాదు, మామ కూడ పిల్లలను ముసలోళ్ల కాడ ఇడిచి పోయినోడే, ఆయన ఆకలికి పోయిండు, ఇది ఆకలి తెల్వక పోతున్నది. అది మంచిదే అనుకోవాలె. ఇప్పుడు ముసలిదాన్ని నేనైన, అంతే తేడా. ఇంకో దిక్కు కోడలికి ఆరో నెల, ఎండకాలం వరకు ఒళ్లో ఇంకొకరు. ఎందుకే అనబోయి ఆగిన. పాలు మరిచిందా అని మాత్రం అడిగిన. ఎప్పుడో మరిచింది అన్నది.

మరుసటి ఆదివారం అందరం జాతరకు పోయినం. ఉద్దాల దినం కాదు, ఆ గుంపుల పసిపిల్లతోని ఏగలేం. కొత్త కుండల దాసంగం వండి నైవేద్యం పెట్టి, గుట్ట ఎక్కినం. అల్లుడు మూడుసార్లు కూసున్నడు, పాపను ఎత్తుకున్న మా బిడ్డ ఒక్కసారి కూడ కూసోలే. ఉద్దాల కాడ పాప నెత్తికి ఆనిచ్చిన్రు, అది ఏడుస్తదనుకుంటే తోలు అంచు నోట్ల పెట్టుకోబోయింది, అందరు నవ్విన్రు.

దర్శనం అయి వచ్చి చూస్తే నా చెప్పులు లేవు. జాతరల చెప్పులు పోవుడు మామూలే, పోతే శని పోయింది అంటరు గద, కాని కింద అంత కంకర, నా మడమలు మొదలే పగిలి ఉన్నయి. నేను కొంగు చుట్టుకొని నడుస్త తీయి అంటుంటే మా బిడ్డ పాపను నాయినకు ఇచ్చి, మెట్టు మీద కూసొని తన బూట్లు ఇప్పింది. అవే కిలిమంజారో బూట్లు. వొద్దే అంటుంటే ఇనకుండ నా కాళ్ల కాడ కూసొని, సాక్సులు తొడిగి, తాళ్లు గట్టిగ కట్టింది, మడమ కాడ వేలు పెట్టి చూసింది, కరుస్తుందా అమ్మా అని అడిగింది. చీర మీద బూట్లు, మా ఆయన ఫోటో తీసిండు. ఒక నంబర్ పెద్దయి, కాని లోపల ఎంత మెత్తగ ఉన్నయో. దేవరకద్ర వచ్చేదాక ఇప్పలే.