షిఫ్ట్ మీట చేసిన ద్రోహం

డాస్‌బాక్స్‌లో (పాత డాస్ ఆటలను ఇప్పటి కంప్యూటర్లలో ఆడించే ప్రోగ్రామ్) 1989 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా మళ్లీ మొదలుపెట్టాను. మొత్తం ఆటకు అరవై నిమిషాలే గడువు. నేను మూడో స్థాయిలో, చచ్చినట్టు పడి ఉండి లేచొచ్చే ఆ అస్థిపంజరం దగ్గరే సగం సమయం పోగొట్టుకున్నాను. దాన్ని కత్తితో చంపలేమని, వెనక్కి నెట్టుకుంటూ వెళ్లి గోతిలో పడేయాలని పూర్తిగా మరచిపోయాను.

అసలు చిక్కు ఏమిటంటే, అదే వారం 1993 నాటి డూమ్ కూడా ఆడుతున్నాను. అందులో షిఫ్ట్ నొక్కితే పరుగు. ఇందులో షిఫ్ట్ నొక్కితే ఆచితూచి ఒక్కడుగు. కోరల్లా మూసుకునే కత్తుల మధ్య నుంచి ఉరుకుదామని షిఫ్ట్ నొక్కాను. యువరాజు పెళ్లికొడుకులా మెల్లగా అడుగు వేసి రెండు ముక్కలయ్యాడు. మరుసటి రోజు డూమ్‌లో జాగ్రత్తగా అడుగు వేయబోయి ఆకుపచ్చ విషపు మడుగులోకి దూసుకెళ్లాను.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా సృష్టికర్త జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడు పరుగెత్తుతుండగా వీడియో తీసి, దాని ఆధారంగా గీసిన యువరాజు కదలికలవి. అంత ముచ్చటగా చచ్చేవాడు మరే ఆటలోనూ లేడు!

వరుసలో ఇంకా 1999 నాటి ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఉంది. సివిలైజేషన్ జోలికి మాత్రం పోను, దాన్ని తెరిస్తే తెల్లవారిపోతుంది. ప్రస్తుతానికి డూమ్‌ను పక్కన పెట్టాను. వేళ్లు ఒక యజమాని మాటే వినాలి కదా.