కాజా

మా పెద్దమ్మాయి పాట మానేసింది. తొమ్మిదేళ్లు కర్ణాటక సంగీతం నేర్పించాను. ప్రతి శనివారం మా ఊరి నుంచి పారిస్‌కి రైల్లో గంట వెళ్లడం, గంట రావడం. తీరా లీసే (మన ఇంటర్ లాంటిది) చదువు అయ్యాక ఫ్యాషన్ స్కూల్లో చేరతానంది.

"విక్టోరియా బెకమ్‌ని చూడు. స్పైస్ గర్ల్స్‌లో పాడిన మనిషి, 2008లో బట్టల కంపెనీ పెట్టింది. 2022 నుంచి పారిస్‌లోనే షోలు చేస్తోంది."

"ఆ కంపెనీ ఎన్నేళ్లు నష్టాల్లో నడిచిందో కూడా చూడు. ఇక్కడి గాయని సిల్వీ వార్తాన్ లేదూ? బల్గేరియా నుంచి ఎనిమిదేళ్లప్పుడు ఇక్కడికొచ్చిన పిల్ల. 1960లలో తన పేరు మీద రెడీమేడ్ బట్టలూ అమ్మింది, పాటా వదల్లేదు."

"అమ్మా, నేను సిల్వీ వార్తాన్ కాదు."

అదీ నిజమే. అయినా నా దిగులు పాట గురించి కాదు. త్యాగరాజ కీర్తనలు నోటికొస్తే తెలుగు కూడా అంటుకుంటుందని ఆశపడ్డాను. అదేమో ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడేది, అర్థం అడిగితే భుజాలెగరేసేది.

ఇప్పుడు మా హాల్లో తల లేని బొమ్మ ఒకటి నిలబడి ఉంటుంది. మొదటిసారి రాత్రి మంచినీళ్లకి లేచి దాన్ని చూసి కెవ్వుమన్నాను. కాలు పెడితే గుండుసూదులు. మంచి బట్ట కత్తిరించే ముందు చౌక తెల్లగుడ్డతో నమూనా కుట్టి చూసుకోవాలట, దాన్ని 'త్వాల్' అంటారు.

ఒక ఆదివారం కాకినాడ నుంచి అమ్మ వీడియో కాల్ చేసింది. ముప్పై ఏళ్లు వీధి వీధంతటికీ జాకెట్లు కుట్టిన చెయ్యి. బొమ్మని చూడగానే, "ఏమ్మా, గుడ్డ క్రాసు తీశావా?" అంది.

బట్టని ఏటవాలుగా కత్తిరించడాన్ని ఫ్రెంచి వాళ్లు 'బియే' అంటారు. దాదాపు వందేళ్ల క్రితం పారిస్‌లో మదలెన్ వియొనే అనే డిజైనర్ పేరు మోగిపోయింది ఈ కోతతోనే. మా అమ్మకి ఆవిడెవరో తెలీదు, క్రాస్ కటింగ్ జాకెట్టు తెలుసు. ఫోను బొమ్మ చుట్టూ తిప్పుతూ ఇద్దరూ నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. సగం మాటలు, సగం సైగలు. మధ్యలో నన్నెవరూ పిలవలేదు.

ఫోను పెట్టేశాక వచ్చి అడిగింది: "అమ్మమ్మ కాజా కుట్టమంటోంది. కాజా తినేది కదా?"

అమ్మ పంపే డబ్బాలో కాజాలు తప్ప దానికి ఇంకో కాజా తెలీదు మరి. బొత్తాం దూర్చే కన్నం అని చెప్పాను.

"ఓ, బుతొన్యేర్!"

ఆ మాట నాకు తెలీదు, ఇన్నేళ్లు ఇక్కడుండి కూడా. నోట్‌బుక్ తీసి కాజా అని రాసుకుంది, ఇంగ్లీషు అక్షరాల్లోనే. పక్కన చిన్న కన్నం బొమ్మ గీసుకుంది.