మిగిలిన డోసు ఎవరికి?

"ఇది మీ ఇంటి సొమ్ము కాదు" అంది మా ఇన్‌చార్జ్, అందరి ముందూ. 2021 జనవరి, బ్రిటన్‌లో కోవిడ్ టీకాలు వేసే సెంటర్‌లో నర్సుగా చేస్తున్నాను. సాయంత్రానికి ఫైజర్ సీసాలో ఒక డోసు మిగిలింది. సెలైన్ కలిపాక ఆరు గంటల్లో వాడాలి, లేదంటే పారబోయడమే. మా ఇంట్లోనే అద్దెకుండే అన్న బస్సు డ్రైవరు, నన్ను తీసుకెళ్లడానికి వచ్చి బయట కార్లో కూర్చున్నాడు. ఆయనకి వేద్దామా అని అడిగాను, అంతే.

అడగడం తప్పని నాకిప్పటికీ అనిపించదు. ఆవిడ రిజర్వ్ లిస్టు, అంటే డోసు మిగిలితే పిలవాల్సినవాళ్ల పేర్లు, తీసి ఫోన్లు మొదలుపెట్టింది. చివరికి ఒక పెద్దాయన వాకర్ తోసుకుంటూ వచ్చారు, స్వెటర్ చెయ్యి పైకి లాగలేక అవస్థ పడుతుంటే నేనే లాగి సూది వేశాను. ఆయన మీద నాకేం కోపం లేదు. ఆవిడ భయమూ తెలుసు: మిగిలినవి స్టాఫ్ చుట్టాలకి వెళ్లడం మొదలైతే ఇక రోజూ మిగులుతూనే ఉంటాయి, మనవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

నా గొడవంతా ఆ లిస్టు వెనకున్న వరుసతోనే. టీకాలు ముందు ఎవరికో ప్రభుత్వానికి సలహా ఇచ్చే ఇక్కడి జేసీవీఐ కమిటీ వరుసలో ముందు కేర్ హోముల్లోని వృద్ధులూ వాళ్లని చూసుకునే స్టాఫూ, తర్వాత 80 దాటినవాళ్లూ హెల్త్ వర్కర్లూ, అక్కణ్నుంచి దాదాపుగా వయసు మెట్లు దిగుతూ రావడమే. చావు ముప్పు వయసుతో పెరుగుతుంది కాబట్టి ఉన్న కాస్త టీకాతో ఎక్కువ ప్రాణాలు దక్కేది అలాగేనట. లెక్క కరెక్టే. కానీ మొదటి వేవ్‌లో లండన్ బస్సు డ్రైవర్లు ఎంతమంది పోయారో అందరూ చూశారు కదా, ఇంట్లోంచి కదలొద్దని ప్రభుత్వం చెప్తున్న రోజుల్లో మమ్మల్ని డ్యూటీకి చేర్చింది వాళ్లే. ఫిబ్రవరి చివర్లో టీకాల రెండో దశకీ వయసే అన్నారు, ఉద్యోగాల వారీగా విడదీస్తే ఆలస్యమవుతుందట!

బ్రిటన్‌లో మొదటి సూది 2020 డిసెంబర్ 8న 90 ఏళ్ల మార్గరెట్ కీనన్‌కి. మన దేశంలో 2021 జనవరి 16న, ఢిల్లీ ఎయిమ్స్‌లో, ఒక పారిశుద్ధ్య కార్మికుడికి. ఆ వీడియో ఇక్కడ డ్యూటీ రూములో అందరికీ చూపించాను, గొప్పకే అనుకోండి. పోలీసులకీ మున్సిపల్ కార్మికులకీ కూడా పెద్దవాళ్లకంటే ముందే మొదలుపెట్టారు. అయితే 60 దాటినవాళ్లు మార్చి 1 దాకా ఆగాల్సొచ్చింది, అందులో మా అమ్మ కూడా ఉంది. అది తలుచుకుంటే ఇక్కడి లిస్టే నయమనిపిస్తుంది, అలా అనిపించడం నాకే నచ్చదు.