పనికి బూట్లు కొనేముందు పాత జతను తిరగేసి చూడండి

కొత్త బూట్ల కోసం బయల్దేరేముందు, గుమ్మం పక్కన పడి ఉన్న పాత జతను ఒకసారి చేతిలోకి తీసుకోండి. చవక బూటు అన్నిచోట్లా ఒకేసారి పాడవదు. ఎక్కడో ఒక్కచోట పోతుంది, మిగతాదంతా బాగుండగానే పారేయాల్సి వస్తుంది. ఆ ఒక్కచోటు ఏదో తెలిస్తే ఈసారి డబ్బు ఎక్కడ పెట్టాలో తెలిసిపోతుంది.

ముందు సోల్ ఊడి బూటు నోరు తెరిచిందంటే జిగురు ఓడిపోయింది. వేళ్ళు మడతపడేచోట తోలు అడ్డంగా పగిలిందంటే అది పైపూత తోలు. పైకి అంతా బాగానే ఉండి, మధ్యాహ్నానికల్లా మడమలు సలుపుతున్నాయంటే లోపలి మెత్త అణిగిపోయింది. మడమ బయటి అంచు కొంచెం అరగడం మాత్రం బూటు తప్పు కాదు. చాలామంది నడకలో మొదట నేలకు తగిలేది ఆ అంచే, ఎంత పెట్టి కొన్నా అక్కడ అరుగుతుంది. సోల్ మొత్తం పెచ్చులుగా రాలిపోతుంటే దాని కథ వేరు, అది కాసేపట్లో.

సోల్‌ను పైభాగానికి పట్టించే పద్ధతులు ముఖ్యంగా మూడు. జిగురుతో అతికించేది ఒకటి. బూటును అచ్చులో పెట్టి, ద్రవంగా ఉన్న పాలీయురేథేన్, అంటే పీయూ, నేరుగా కిందికి పోసి గట్టిపడనిచ్చేది రెండోది. వెల్ట్ అనే పట్టీని చుట్టూ కుట్టి, ఆ పట్టీకి సోల్‌ను కుట్టేది మూడోది. వెల్ట్ బూటుకు సోల్ అరిగితే కొత్తది వేయించుకోవచ్చు. అయితే ఆ పని తెలిసినవాళ్ళు అందుబాటులో ఉండాలి, పైతోలు అప్పటిదాకా నిలవాలి. ఈ రెండూ లేకపోతే ఆ కుట్టుకు పెట్టిన డబ్బు వృథా. తక్కువ బడ్జెట్‌లో నా ఓటు అచ్చు పోసినదానికే. ఊడటానికి జిగురు గీత ఉండదు, బరువు తక్కువ, మెత్తగానూ ఉంటుంది. సోల్ అరిగిన రోజున బూటు కూడా అయిపోయినట్టే, అది ఒప్పుకుని కొనాలి.

సోల్ అంచు చుట్టూ కనిపించే కుట్టు చూసి వెల్ట్ అనుకోవద్దు. గోటితో కదిపి చూడండి. చాలా చవక బూట్లలో అది దారమే కాదు, రబ్బరులో పోసిన గీతలు. కొన్నింటిలో దారం నిజమే, కానీ అది పట్టీనీ సోల్‌నీ కలపదు, అలంకారానికి పైన కుట్టి వదిలేస్తారు. పైన పటారం, లోన లొటారం.

తోలు దగ్గర మెరుపును నమ్మకండి. బూటు నాలుక చివరో, పైన మెడ దగ్గరో తోలు కోసిన అంచు బయటికి కనిపించేచోటు వెతకండి. పై నుంచి కింది దాకా ఒకే పీచులా ఉంటే మంచిదే. పీచు మీద పలుచని ప్లాస్టిక్ పొర విడిగా కనిపిస్తే అది చీల్చిన తోలుకు, అంటే మందపు తోలును పొరలుగా చీల్చగా వచ్చిన కింది పొరకు, పూత వేసినది, మడత దగ్గర ముందు ఆ పొర పగులుతుంది, తర్వాత నీళ్ళు లోపలికి పోతాయి. అంచు కనిపించకపోతే, వేళ్ళ మడత పడేచోట బొటనవేలితో గట్టిగా నొక్కండి. అసలు తోలు మీద సన్నటి ముడతలు విచ్చుకుని, వేలు తీయగానే సర్దుకుంటాయి. దళసరి పూత ఉన్నది రబ్బరు బంతిలా సొట్టపడి లేస్తుంది. మందం 2 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటే బరువు పనికి చాలు. ‘అసలు తోలు’ అన్న ముద్ర ఒక్కటే చూసి కొనకండి, చీల్చిన తోలు కూడా తోలే కదా.

ఇక పెచ్చులుగా రాలే సోల్ సంగతి. పీయూ గాలిలోని తేమను పట్టుకుని నెమ్మదిగా లోలోపలే విరిగిపోతుంది. వేడి, ఉక్క ఉన్నచోట ఇంకా త్వరగా. వాడకుండా డబ్బాలో దాచినా ఆగదు. అందుకే సగం ధరకు దొరికే పాత సరుకు చాలాసార్లు నష్టపు బేరం: చూడటానికి తళతళలాడుతుంది, వేసుకున్న వారానికే మడమ ముక్కలుగా రాలుతుంది. భద్రతా ప్రమాణం ఉన్న బూట్ల మీద తయారీ తేదీ ఉంటుంది, నాలుక లోపలో, సోల్ అడుగునో వెతకండి. చిన్న గడియారంలాంటి వృత్తంలో బాణం గుర్తు ఉంటే బాణం చూపేది నెల, మధ్యలో ఉన్న అంకెలు సంవత్సరం. పీయూ సోల్ అయితే ఏడాది లోపుది తీసుకోండి. మూడేళ్ళు దాటితే ఊరికే ఇచ్చినా వద్దు. తేదీ దొరకకపోతే బూటును వంచి, మడతలో వెంట్రుకలాంటి పగుళ్ళు ఉన్నాయేమో చూడండి, సోల్‌ను గోటితో నొక్కితే పొడి రాలుతుందేమో గమనించండి. రబ్బరు సోల్‌కు ఈ జబ్బు లేదు, కానీ బరువెక్కువ.

వేడి నేల మీద, వెల్డింగ్ దగ్గర పనిచేసేవాళ్ళు రబ్బరు సోలే చూసుకోవాలి. హెచ్ఆర్ఓ అన్న గుర్తు ఉంటే 300 డిగ్రీల సెల్సియస్ వేడిని నిమిషం పాటు తట్టుకునేలా పరీక్షించినట్టు. నూనె, డీజిల్ ఒలికేచోట ఎఫ్ఓ గుర్తు చూడాలి.

గుర్తుల మాట వచ్చింది కాబట్టి, ఐఎస్ఓ 20345 అనే భద్రతా ప్రమాణం ఉంటే, వేళ్ళను కాపాడే ముందు టోపీ 200 జౌల్స్ దెబ్బను తట్టుకోవాలి. అంటే 20 కిలోల దిమ్మె ఇంచుమించు మీటరు ఎత్తు నుంచి పడ్డట్టు. ఐఎస్ఓ 20347 అని ఉంటే ఆ టోపీ రక్షణ లెక్కలో లేదు, రెండూ పక్కపక్కన పెట్టి అమ్ముతుంటారు, అంకె చూసుకోండి. 20345 బూట్ల మీద ఉండే రకం గుర్తుల్లో ఎస్1 అంటే మడమ మూసి ఉంటుంది, అదురు కొంత పీల్చుకుంటుంది. ఎస్1పీలో మేకు దిగకుండా అడ్డుపొర అదనం. ఎస్2లో పైభాగం నీటిని కొంత ఆపుతుంది. ఎస్3లో ఇవన్నీ, పైగా గాళ్ళున్న సోల్. కట్టడం పనికి ఎస్3, పొడిగా ఉండే గోదాముకు ఎస్1పీ చాలు. అక్కర్లేని గుర్తుకు పెట్టే డబ్బు లోపలి మెత్తకు పెడితే కాళ్ళు దీవిస్తాయి. ఒక హెచ్చరిక: యాంటీస్టాటిక్ అంటే కరెంటు షాక్ నుంచి కాపాడేది అని కాదు. ఒంటి మీద పోగయ్యే స్థిర విద్యుత్తును నేలకు వదలడానికే అది. కరెంటు ఉన్న తీగల పనికి అసలు పనికిరాదు.

స్టీల్ టోపీ చవక, పలుచన. కాంపోజిట్, అంటే లోహం కాని మిశ్రమ పదార్థపు టోపీ, తేలిక, చలికి చల్లబడదు, అయితే మందం ఎక్కువ కాబట్టి బూటు ముక్కు లావుగా ఉంటుంది. రెండింటిలో ఏదైనా ఒక్క సంగతి మరవకూడదు: తోలు సాగుతుంది, టోపీ సాగదు. కొట్లో వేలికి తగిలితే ఏడాది తర్వాత కూడా తగులుతుంది.

కాబట్టి సైజు దగ్గర తొందరపడొద్దు. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, పనికి తొడుక్కునే మేజోళ్ళతోనే వేసి చూడాలి. రెండు పాదాలూ ఒకేలా ఉండవు, పెద్దదానికి కొనాలి. ముందు లోపలి అట్టను, అంటే పాదం కింద ఉండే మెత్తను, బయటికి తీసి దాని మీద నిలబడండి. పాదం పక్కలకు పొర్లితే ఆ బూటు వెడల్పు చాలదు, సైజు పెంచితే పొడవు పెరిగి మడమ జారుతుంది తప్ప సుఖం ఉండదు, వేరే నమూనా చూడాలి. పొడవాటి వేలి ముందు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. తర్వాత లేసులు బిగించి మెట్లు దిగండి, లేదా ఏటవాలుగా ఉన్న పలక మీద ముందుకు నిలబడండి. వేళ్ళు టోపీకి గుద్దుకోకూడదు. మెట్లెక్కేటప్పుడు మడమ కొంచెం లేస్తే పర్వాలేదు, రోజుల్లో సర్దుకుంటుంది. గట్టిగా జారితే బొబ్బలు ఖాయం.

చేత్తో వంచి చూడటం కూడా మరవొద్దు. బూటు వేళ్ళు మడతపడేచోటే వంగాలి. అరికాలి నడుమ వంగితే లోపల షాంక్ అనే గట్టి పట్టీ లేదు, నిచ్చెన ఎక్కినప్పుడు మెట్టు నేరుగా పాదానికి గుచ్చుకుంటుంది.

చవక బూట్లలో కంపెనీవాళ్ళు మొదట కోసేది లోపలి అట్టనే. బడ్జెట్‌లో పదో వంతు మంచి అట్టకు విడిగా ఉంచుకోండి, ఆరు నెలలకు ఒకసారి అణిగిందేమో చూసి మార్చండి. మరీ మందంగా ఉన్నది పెడితే వేళ్ళు పైకి లేచి టోపీ అంచు కరుస్తుంది. యాంటీస్టాటిక్ అవసరమైన పనిలో ఆ గుణం ఉన్న అట్టే వాడాలి, మామూలు ఫోమ్ దాన్ని అడ్డుకుంటుంది. మేజోళ్ళు నూలువి అయితే చెమట పట్టుకుని తడిగానే ఉంటాయి. ఉన్నీ కలిసినవి మేలు.

కొత్త జతను మొదటి రోజే పది గంటల పనికి వేసుకెళ్తే కరవక ఏం చేస్తుంది? ఇంట్లో గంట, రెండు గంటల చొప్పున నాలుగైదు రోజులు తిరిగాక తీసుకెళ్ళండి. వీలైతే ఒక ఖరీదైన జత బదులు రెండు మధ్యరకం జతలు కొని రోజు మార్చి రోజు వేయండి. చెమట పీల్చిన బూటు ఆరడానికి ఒక్క రాత్రి చాలదు, తడి తోలు మీదే రోజూ నడిస్తే కుట్లు, లోపలి గుడ్డ త్వరగా కుళ్ళుతాయి. ఆరబెట్టడానికి లోపల కాగితం కుక్కి నీడలో ఉంచాలి. పొయ్యి దగ్గర పెడితే తోలు బిరుసెక్కుతుంది, జిగురు వదులుతుంది. సిమెంటు పడితే ఆ సాయంత్రమే తడిగుడ్డతో తుడిచేయండి, అందులోని క్షారం తోలును ఎండగొట్టి పగలగొడుతుంది.

బరువైనదేదైనా టోపీ మీద పడితే, పైకి సొట్ట కనిపించకపోయినా ఆ జత పనికి మళ్ళీ వద్దు. స్టీల్ లోపల వంగి ఉండొచ్చు. కాంపోజిట్ అయితే పగులు తోలు కింద దాక్కుని ఉంటుంది, రెండో దెబ్బ పడేదాకా తెలియదు.