బకెట్‌లో సరిగ్గా 1000 ఫైళ్ళున్నాయంట!

నేను హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో టెక్నికల్ రైటర్‌ని. ఎనిమిదేళ్ళుగా మనుషులు చదివే మాన్యువల్సే రాశా. మొన్న వేసవిలో మా టీమ్ లీడ్ వచ్చి "అక్కా, ఏజెంట్ కోసం ఒక టూల్ కట్టాం, ఎస్3 బకెట్‌లో ఏ ఫైళ్ళున్నాయో లిస్ట్ ఇస్తుంది, దానికి డాక్యుమెంటేషన్ రాసేయండి, అరగంట పని" అన్నాడు. ఎస్3 అంటే అమెజాన్ క్లౌడ్‌లో ఫైళ్ళు దాచుకునే చోటు, అందులో ఒక్కో డబ్బా ఒక బకెట్. ఏజెంట్ అంటే మనం అడిగిన పనిని ఇలాంటి టూల్స్ వాడి చేసిపెట్టే ఏఐ. ఆ అరగంట పనికి మూడు వారాలు పట్టింది.

మొదట రాసింది ఒకటే లైను: "ఇచ్చిన ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్ళన్నీ చూపిస్తుంది." అందరూ బావుందన్నారు. మాది ఎంసీపీ (ఏఐకి టూల్స్‌ని తగిలించే ఒక ప్రమాణం) టూల్, అంటే ఏజెంట్ వెనకున్న ఏఐ మోడల్‌కి ఆ టూల్ పేరు, దాని వివరణ, ఏ ఇన్‌పుట్ ఇవ్వాలో చెప్పే స్కీమా, ఇంతే కనపడతాయి, వెనకాల కోడ్ ఏం చేస్తుందో దానికేం తెలీదు, కాబట్టి నేను రాసిన ఆ లైనే దానికి వేదవాక్కు అన్నమాట.

రెండో రోజే అకౌంట్స్ మేడం నా సీటు దగ్గరికొచ్చారు. 2025 ఇన్‌వాయిస్‌లు ఎన్నున్నాయని ఏజెంట్‌ని అడిగితే "మొత్తం 1000" అందంట. "ఏమ్మా, కొబ్బరికాయలు లెక్కపెట్టినట్టు సరిగ్గా వెయ్యి ఎలా వస్తాయి? లోకల్ వెండర్ల బిల్లులు ఒక్కటీ లేవంటోంది, అవన్నీ నా చేత్తో ఎక్కించా కదా" అన్నారు.

విషయం ఏంటంటే ఎస్3ని లిస్ట్ అడిగితే ఒక్కసారికి 1000కి మించి ఇవ్వదు, ఇంకా మిగిలితే "ఇంకా ఉన్నాయి" అని ఒక గుర్తు, తర్వాతి విడత తెచ్చుకోడానికి ఒక టోకెన్ ఇస్తుంది. మా టూల్ ఆ టోకెన్‌ని తిరిగిస్తూనే ఉంది, దాంతో ఏం చెయ్యాలో ఏజెంట్‌కి ఎవరూ చెప్పలేదు. పైగా "అన్నీ" అని రాసింది నేనే. మరి లోకల్ వెండర్ల బిల్లులే ఎందుకు పోయాయి అంటే, ఆ ఫైళ్ళకి మేడం తెలుగులో పేర్లు పెడతారు. ఎస్3 లిస్ట్ వచ్చేది యూటీఎఫ్-8 (అక్షరాల్ని కంప్యూటర్ అంకెలుగా దాచే పద్ధతి) బైట్ల వరసలో, అందులో ఇంగ్లీషు పేర్లన్నీ అయిపోయాకే తెలుగు పేర్లు వస్తాయి, అంటే పంక్తిలో చివర కూర్చున్నవాళ్ళకి వడ్డన అందలేదు. ఇది కనిపెట్టినప్పుడు నాకు భలే సరదా వేసింది, మేడంకి మాత్రం వెయ్యలేదు.

సరే అని మళ్ళీ మొదలుపెట్టా. ఈసారి పద్ధతి మార్చి, రాసే ముందు ఏజెంట్‌తో ప్రశ్నలు వేయించడం, అది ఎక్కడ తప్పులో కాలేస్తే అక్కడ ఒక వాక్యం చేర్చడం. ఎస్3లో అసలు ఫోల్డర్లే లేవు, ఫైలు పేరంతా ఒక పొడుగాటి తీగ, మధ్యలో ఏటవాలు గీతలు (/) ఉంటే మనకి ఫోల్డర్లలా కనపడతాయి అంతే. "ఇన్‌వాయిసెస్/2025" అని చివర ఆ ఏటవాలు గీత లేకుండా అడిగితే పక్కనున్న "ఇన్‌వాయిసెస్/2025-క్యాన్సిల్" కూడా వచ్చి కూర్చుంటుంది, ఏజెంట్ క్యాన్సిల్ అయిన బిల్లుల్ని కూడా కలిపి లెక్క చెప్పింది. పేరు తప్పు కొడితే ఎర్రర్ కూడా రాదు, ఖాళీ లిస్ట్ వస్తుంది, అప్పుడది ధీమాగా "ఫోల్డర్ ఖాళీగా ఉంది" అంటుంది. మనిషైతే స్పెల్లింగ్ తప్పేమో అని అనుమానపడతాడు కదా, దీనికి ఆ అనుమానం కూడా మనమే రాసివ్వాలి.

అన్నిటికంటే తల తిన్నది టైము. మార్చి 31 రాత్రి అకౌంట్స్ వాళ్ళు ఎలా ఉంటారో తెలిసిందే, మేడం ఆ రాత్రి రెండు దాకా కూర్చుని ఎక్కించారు. మన లెక్కలో అది ఏప్రిల్ 1, కానీ ఎస్3 చూపించే టైము యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో, మనకంటే ఐదున్నర గంటలు వెనక, అంటే మార్చి 31 రాత్రి 8:30. "ఏప్రిల్ 1 నుంచి ఎక్కించినవి" అంటే అవి రానే రాలేదు. ఆర్థిక సంవత్సరమే మారిపోతుందండీ అక్కడ!

ఇవన్నీ పెట్టేసరికి వివరణ రెండు పేజీలయింది. గర్వంగా చూపిస్తే లీడ్ నవ్వి "అక్కా, ఇదంతా ప్రతి చాట్‌లోనూ మోడల్ నెత్తిన పెడతాం, టోకెన్లకి డబ్బులు కట్టేది మనమే" అన్నాడు. (ఈ టోకెన్లు ఎస్3 ఇచ్చే టోకెన్ కాదు, మోడల్ చదివే మాటల ముక్కలు, వాటి లెక్కనే బిల్లు పడుతుంది.) కొట్టేసుకుంటూ పోతే పన్నెండు లైన్లు మిగిలాయి. కొన్నిటిని వివరణలోంచి తీసి టూల్ ఇచ్చే జవాబులోనే పెట్టించా. లిస్ట్ ఖాళీగా వస్తే "ఈ పేరుతో మొదలయ్యేవి ఏవీ లేవు, పేరు, పెద్దక్షరాలు చిన్నక్షరాలు సరిచూడు" అని అక్కడికక్కడే చెప్తుంది. నన్నడిగితే ఇదే మంచి పద్ధతి, ముందే చెప్పింది మర్చిపోవచ్చు గానీ జవాబుతో పాటు వచ్చింది ఎక్కడికి పోతుంది. మొదటి లైను ఇప్పుడు ఇలా ఉంది: "ఇచ్చిన అక్షరాలతో పేరు మొదలయ్యే ఫైళ్ళలో ఒక విడత, గరిష్ఠంగా 1000, ఇస్తుంది. తర్వాతి విడత టోకెన్ వస్తే లిస్ట్ అయిపోలేదని అర్థం, అయ్యేదాకా మొత్తం సంఖ్య చెప్పకు." దాని కిందే ఇంకో లైను, "టోకెన్ సొంతంగా కల్పించకు, వచ్చింది వచ్చినట్టే పంపు." నవ్వకండి, ఒకసారి నిజంగానే కల్పించింది.

చివరికి మేడంనే కూర్చోబెట్టి అదే ప్రశ్న అడిగించా. "1340 ఉన్నాయి, రెండు విడతల్లో చూశాను, ఇంక మిగల్లేదు" అంది. మేడం ఏం మాట్లాడకుండా తన ఎక్సెల్ తెరిచి టాలీ చేశారు. అందులో 1341. నా గుండె జారింది. పావుగంట వెతికితే ఆ ఒక్కటీ ఆవిడ డెస్క్‌టాప్ మీదే దొరికింది, అసలు ఎక్కించనే లేదు.